బలపం పొడి మీద కర్లింగ్

కర్లింగ్ అనే ఆటలో మొదట నేర్చుకోవలసింది రాయి జార్చడం కాదు, చీపురు పట్టడం. ఈ ముక్క తెలియకుండా ఆ ఆట నేర్పడానికి బయలుదేరినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను. మొన్న టీవీలో చలిదేశాలవాళ్లు మంచు మీద రాళ్లు జారుస్తుంటే చూసి పక్కింటాయన పకపకా నవ్వాడు. "ఇదేం ఆటండీ, కసువు ఊడ్చుకుంటూ పోతున్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి, కాకపోతే ముందు నేర్చుకుని నవ్వండి.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను గుత్తి దగ్గర ఒక మిషన్ ట్రెయినింగ్ స్కూల్లో డ్రిల్లు మేష్టర్ని. టీచరు పని నేర్చుకునే పెద్దవాళ్ల స్కూలు అది. నా ఉద్యోగం టెంపరరీ. అదే స్కూల్లో మా అమ్మ కసువు ఊడ్చేది. పదిహేనేళ్లుగా ఊడుస్తోంది. ఆమె ఊడ్చిన వరండాల్లో నేను చదువుకున్నాను, ఆమె ఊడ్చిన మైదానంలో విజిల్ ఊదుతున్నాను. ఇంట్లో ఆమె నాకు అమ్మ. స్కూలు గేటు దాటాక ఎదురుపడితే నేను కానగచెట్టు వైపు చూసేవాణ్ణి. ఆమె కూడా అర్థం చేసుకుని తల వంచుకుని తన పని చూసుకునేది. ఈ సంగతి మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. అమ్మంటే నాకు సిగ్గుగా ఉండేది.

ఉద్యోగం వచ్చిన రోజు నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఈ చేత్తో ఇక జన్మలో పొరక ముట్టనని. మా దిక్కున చీపురును పొరక అంటారు. నా చిన్నప్పుడు అమ్మకు జ్వరమొస్తే ఆ వరండాలు నేను ఊడ్చిన రోజులున్నాయి. అవి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఎవరి మీదో కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

స్కూలు ప్రిన్సిపాలు స్కాట్లండు నుంచి వచ్చిన దొర. అరవై దాటినవాడు, మరుసటి ఏడు స్వదేశానికి వెళ్లిపోవాలి. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు, అందుకని కుక్కను కూడా "మీరు పక్కకు కూర్చోండి" అనేవాడు. ఆయన వరండాలో తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక గుండ్రటి రాయి పెట్టుకున్నాడు. పైన కెటిల్‌కు ఉన్నట్టు ఒక పిడి, ఒకటిన్నర మణుగు పైనే బరువు, అంటే ఇప్పటి లెక్కలో పదిహేడు పద్దెనిమిది కిలోలు. ఆయన వాళ్ల నాయనదట, ఓడలో తెచ్చుకున్నాడట. చనిపోయేలోపు కాదుగానీ ఈ దేశం వదిలేలోపు ఒక్కసారి కర్లింగ్ పోటీ చూడాలని ఆయనకు కోరిక పుట్టింది. వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేసి జనం గంజికి అంగలారుస్తుంటే ఈయనకు మంచు మీద ఆట కావలసి వచ్చింది. కరువులో అధికమాసమంటే ఇదే.

ఒక కాగితం టైపు చేసి నా చేతిలో పెట్టాడు. ఆట మొత్తం ఆ ఒక్క కాగితంలో ఉంది. "మీరు నేర్చుకుని ఈ ట్రెయినీలకు నేర్పండి. పోటీ బాగా జరిగితే మీ ఉద్యోగం ఖాయం చేయమని రాస్తాను" అన్నాడు.

రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించాం. ఆ తలుపు దగ్గరి రాయి చూపించి ఇలాంటివి ఎనిమిది కావాలన్నాం. వాళ్ల పెద్దాయన దాన్ని తిరగేసి చూశాడు. అడుగు చదునుగా లేదు, పళ్లెంలాగా లోపలికి తొలిచి ఉంది, చుట్టూ అంచు మాత్రమే నేలకు తగులుతుంది. "రుబ్బేదానికి గాదు, దంచేదానికి గాదు, ఎందుకప్పా ఇది?" అన్నాడు. "ఆడేదానికి" అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "వానలు లేకపోతే మనుసులకు పిచ్చి పడ్తాదని మా నాయన అంటాండె" అని పనికి పోయాడు. కానీ చేసిచ్చాడు, ఎనిమిదీ ఒక్క అచ్చున. వాటి నెత్తిన బకెట్ల పిడులు సీసం పోసి బిగించాం.

మంచు మాత్రం ఎవడు కొట్టిస్తాడు? స్కూలు పక్కన మూతపడిన శెనక్కాయల మిల్లు గోదాము ఉంది. పొడుగ్గా రైలుపెట్టెలాంటిది, నేలంతా తాడిపత్రి నాపరాళ్లు. ఏళ్ల తరబడి మూటలు ఈడ్చి ఈడ్చి ఆ రాళ్లు అద్దంలా అయ్యాయి. అయినా మన రాయి నాలుగు బారలు పోయి ఆగిపోయేది. దొర నీళ్లు చల్లి చూద్దామన్నాడు. రెండు కడవలు తెచ్చి పోసేసరికి బావి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్లు గోదాము గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని ఎన్ని మాటలనాలో అన్నీ అన్నారు. న్యాయమే. తర్వాత నూనె పూశాం. మట్టి పట్టుకుని రాళ్లు జిగురెక్కాయి, దాన్ని కడగడానికి మళ్లీ నీళ్లు. అప్పుడు నాకు తట్టింది. పలక మీద రాసే బలపం మెత్తటి రాయి కదా, దాని పొడి వేళ్ల మధ్య జారిపోతుంది. తాడిపత్రి నుంచి రెండు మూటలు తెప్పించి పలుచగా చల్లాను. దొర రాయి వదిలాడు. అది అలా పోతూనే ఉంది, అవతలి గోడ దగ్గర పడున్న పాత మిల్లు తోలుపట్టీకి తగిలి ఆగింది. దొర కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భుజం తట్టి, తన దేశానికి నా గురించి ఉత్తరం రాస్తానన్నాడు. ఆ పూట నేను నేల మీద లేను.

ఇక ఆట వినండి. అవతలి కొసన నేల మీద ఒకదానిలో ఒకటి వలయాలు గీస్తారు. దాన్ని ఇల్లు అంటారు. ఈ కొస నుంచి రాయిని జార్చి ఆ ఇంటి నడిబొడ్డున ఆపాలి. విసరడం కాదు, ఒక కాలు ముందుకు వంచి, రెండోది వెనక్కి చాపి, రాయితోపాటు మనమూ జారి, గీత దాటేలోపు చేయి వదిలేయాలి. వదిలేటప్పుడు పిడిని కొద్దిగా తిప్పితే రాయి చివర్లో పక్కకు వంగుతుంది. జట్టుకు నలుగురు. ఒకడు జారుస్తాడు, నాయకుడు ఇంటి దగ్గర నిలబడి గురి చూపిస్తాడు, మిగిలిన ఇద్దరూ పొరకలు పట్టుకుని రాయి ముందు ఊడ్చుకుంటూ పరుగెత్తుతారు. నాయకుడు తప్ప మిగిలిన అందరి వంతూ మారుతుంది, అందరూ ఊడవాలి. రాళ్లన్నీ అయ్యాక ఎవరి రాయి నడిబొడ్డుకు దగ్గరో వాళ్లకు పాయింటు. మాకున్నవి ఎనిమిదే కాబట్టి విడతకు మనిషికి ఒక్క రాయి, మొత్తం ఆరు విడతలు.

ఇంకొక్క నియమం ఉంది. ఈ ఆటకు తీర్పరి లేడు. పొరక రాయికి తగిలినా, ఇంకే తప్పు జరిగినా, చేసినవాడే తన నోటితో చెప్పాలి. దొర ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాడు.

నేను ఊడ్చడం కూడా నేర్పాను, పొరక ముట్టకుండా. చేతిలో వెదురుకర్ర పట్టుకుని "ఇట్లా వంగు, అట్లా ఊడువు" అని చూపించేవాణ్ణి. ఊడిస్తే రాయి ఇంకా దూరం పోతుందని కాగితంలో రాసుంది. మంచు మీద పోతుందట. మా వాళ్లు ఊడ్చేకొద్దీ రాయి దారిలోనే ఆగేది. నేను వాళ్ల మీద మండిపడేవాణ్ణి. "అన్నం తిన్లేదా, గట్టిగా ఊడువు" అని అరిచేవాణ్ణి. వాళ్లు ఇంకా గట్టిగా ఊడ్చేవాళ్లు, రాయి ఇంకా ముందే ఆగేది.

మూడో రోజు సాయంత్రం అమ్మ గోదాము శుభ్రం చేయడానికి వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత అందరూ వింటుండగానే, "ఏమిరా నాయనా, జారేదే ఆ పొడి మీద. పొడి ఊడ్సేస్తే రాయి యాడ జారుతాది?" అంది.

ట్రెయినీలు ఇటు తిరిగారు. నన్ను అందరి ముందూ "ఏమిరా" అంది. నాకు చెవుల్లోంచి పొగలు వచ్చాయి. "నీ పని నువ్వు చూసుకో పో. ఇంగ్లీషు కాగితం కంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నాను. ఆమె మూల ఉన్న చెత్త ఎత్తుకుని వెళ్లిపోయింది.

అందరూ పోయాక తలుపు మూసి నేనొక్కణ్ణే చూశాను. ఒకసారి ఊడ్చకుండా, ఒకసారి పాత గోనెసంచీతో దారి తుడిచేసి. పొరక అయితే ముట్టుకోలేదు. ఆమె చెప్పిందే నిజం. పొడి ఉంటే రాయి ఇల్లు చేరుతుంది, పొడి పోతే ఇంటికి రెండు బారల ముందే చతికిలబడుతుంది. పదిహేనేళ్లు నేల మీద వంగిన మనిషికి నేల సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

మరునాడు అందరికీ చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే అప్పటికి నాకొక శత్రువు ఉన్నాడు.

బత్తలపల్లె దిక్కు నుంచి వచ్చిన పెద్దరైతు కొడుకు అతను. వాళ్ల నాయన రాజకీయాల్లో తిరిగేవాడు. అతను ట్రెయినీ, నేను మేష్టర్ని, అయినా నన్ను పిలిచేది "ఏమప్పా డ్రిల్లూ" అని. మొదటి రోజే పొరక వైపు చూపించి నవ్వాడు. "మేం పట్టుకోవల్లనా దీన్ని? మా ఇండ్లల్లో ఆడోళ్లు గూడా పట్టరు. దానికి మనుసులుండారు" అన్నాడు. ఆ చివరి మాట అంటూ నన్ను చూశాడు. అతని జట్టులో మిగిలిన ముగ్గురూ అతని వరసే. ప్రాక్టీసులో వాళ్లు రాళ్లు జారిస్తే మా పేట నుంచి వచ్చిన ట్రెయినీలు ఊడ్చేవాళ్లు. నేను చూస్తూ ఊరుకునేవాణ్ణి. మాట్లాడితే "నువ్వు పట్టుకో" అంటాడని భయం. పొరక ముట్టకపోవడంలో మేమిద్దరం ఒకటే, అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

పోటీలో అతని జట్టుకు ఎదురు నేనే నాయకుణ్ణి. అందుకే ఆ రహస్యం దాచుకున్నాను. వాడు కాగితాన్ని నమ్ముకుని ఊడిపించుకుంటాడు, నేను నా వాళ్లను ఊడ్చినట్టు నటించమంటాను, వాడి ముఖం నేలకు రాస్తాను. వారం రోజులు ఆ ఆలోచనే నాకు తిండి, అదే నాకు నిద్ర.

పోటీ రోజు మధ్యాహ్నం గోదాము నిండా జనం. దొర కోటు వేసుకుని వచ్చాడు, ఆ ఎండలో. ఆట మొదలుపెట్టే ముందు ఎదుటివాళ్లతో చేతులు కలపాలని నియమం. పెద్దరైతు కొడుకు నా చేతికి వేళ్ల కొసలు మాత్రం తగిలించాడు. సరే, ఊడ్చేవాళ్లు రండి అంటే అతని జట్టులో ఎవరూ కదల్లేదు. ప్రాక్టీసులో ఊడ్చినవాళ్లంతా ఈ రోజు నా జట్టు.

దొర నచ్చజెప్పబోయాడు. "ఈ ఆటలో రాజుగారు వచ్చినా ఊడుస్తారు" అన్నాడు.

"మీ దేశంలో రాజులకు పనిలేదేమో సార్" అన్నాడు అతను. కొందరు నవ్వారు.

దొర ముఖం ఎర్రబడింది. పోటీ చేజారిపోతుందని భయపడ్డట్టున్నాడు. చుట్టూ చూశాడు. గుమ్మం దగ్గర గోడకానుకుని మా అమ్మ నిలబడి ఉంది, ఆట అయ్యాక శుభ్రం చేయడానికి. దొర ముఖం వెలిగింది. "అమ్మగారూ, మీరు రండి. మా దేశంలో స్త్రీలు కూడా ఆడతారు. వీరి తరఫున మీరు ఊడవండి" అన్నాడు. గౌరవం చేస్తున్నాననుకున్నాడు ఆ మహానుభావుడు. ఆయన మీద నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం పెద్దరైతు కొడుకు మీద కూడా ఎప్పుడూ రాలేదు.

అమ్మ నా వైపు చూసింది. ఏం చేయమంటావు అని ఆ చూపు. నేను కానగచెట్టు కోసం వెతికాను. గోదాములో చెట్టెక్కడిది? గోడ వైపు చూశాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుని పొరక తీసుకుంది.

మొదటి రాయి వచ్చింది. పెద్దరైతు కొడుకు ఇంటి దగ్గర నిలబడి "ఊడ్సు, ఊడ్సు" అన్నాడు. మన పొరక పొట్టిది, దొర దేశపు పొరకలాగా నిలబడి ఊడ్చేది కాదు. యాభై ఏళ్ల మనిషి నడుం రెండుగా వంచి, మణుగున్నర రాయి మీదికొస్తుంటే దాని ముందు వెనక్కి నడుస్తూ ఊడ్చింది. ఆమె ఊడ్చిన చోట నాపరాయి నల్లగా తేలింది. రాయి ఇంటికి బారెడు ముందే ఆగింది. తర్వాతిది అంతే. ఆ తర్వాతిదీ అంతే. "ఇంగా గట్టిగా ఊడ్సు మే" అని అతను అరిచేకొద్దీ ఆమె ఇంకా శుభ్రంగా ఊడ్చింది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆమెకు తెలుసు. ప్రతి రాయికీ ముందు దారిలో కొత్తగా పొడి చల్లడం మా ఏర్పాటు. నా వాళ్లు మాత్రం పొరకలు గాల్లో ఆడించారు. మా రాళ్లు ఒకదాని వెనక ఒకటి ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాయి.

ఆరు విడతలయ్యేసరికి అమ్మ చీర మోకాళ్లదాకా తెల్లటి పొడి. ఆయాసంతో పొరక మీదే చేయి ఆన్చి వంగి నిలబడింది. మేం గెలిచాం. నా వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అతను అమ్మ మీదికి తిరిగాడు. "ఇది కావాలనే చేసినాది. కొడుకు గెలవల్లని మా రాళ్లన్నీ ఆపేసినాది. ఆటలో దొంగతనం ఇది. ఇట్లాంటి దాన్ని స్కూల్లో పెట్టుకుంటే మా నాయనతో చెప్తా" అన్నాడు. వాళ్ల నాయన మాట అంటే ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు ఊడేవి, అది దొరకూ తెలుసు.

దొర నిదానంగా మధ్యలోకి వచ్చాడు. "ఈ ఆటకు తీర్పరి లేరు. తప్పు జరిగితే చేసినవారే చెబుతారు. చెప్పండి, ఎవరిది తప్పు?" అని అందరినీ ఒకసారి కలయజూశాడు.

నోరు తెరిస్తే చాలు. "ఆమె సరిగ్గానే ఊడ్చింది. ఈ నేల మీద ఊడవకూడదు. నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు" అంటే చాలు. మూడు ముక్కలు. కానీ అంటే గెలుపు పోతుంది, ఉద్యోగం పోతుంది, అందరి ముందూ వాడి ఎదుట నేను దొంగనవుతాను. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అమ్మ నన్ను చూస్తోందని మాత్రం తెలుసు.

"నాదే తప్పు సామీ" అంది అమ్మ. "నాకు సరిగ్గా ఊడ్సేది రాదు."

పదిహేనేళ్లు ఆ స్కూలు ఊడ్చిన మనిషి అన్న మాట అది.

దొర పొంగిపోయాడు. ఆమె చేయి అందుకుని కలిపి, ట్రెయినీల వైపు తిరిగి, "చూశారా, ఈ ఆట అంటే ఇదే" అన్నాడు. పెద్దరైతు కొడుకు చప్పగా నవ్వి, "కసువు ఊడ్సేదానికే రాకపోతే ఇంగేం వస్తాది" అని తన వాళ్లతో బయటికి నడిచాడు. వాళ్ల నాయనకు చెప్పలేదు. ఒప్పుకున్న మనిషి మీద చెప్పేదేముంది? నెల తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రం నేను గోదాముకు వెళ్లాను. అమ్మ ఒక్కతే పొడి ఊడుస్తోంది. నేను ఆమె ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఏమనాలో తెలియక కోపంగానే అడిగాను, "నువ్వెందుకు అట్ల చెప్పినావు?"

ఆమె తలెత్తలేదు. "నువ్వు సెప్తావని సూసినా. నువ్వు సెప్పలేదు. ఎవురో ఒకరు సెప్పల్ల గదరా" అంది.

రెండో పొరక గోడకు ఆనించి ఉంది, నా చేతికి అందేంత దగ్గర్లో. నేను దాన్ని చూశాను. ఆమె నేను దాన్ని చూడడం చూసింది. కాసేపు ఆగింది కూడా. తర్వాత మళ్లీ వంగింది.

"జరుగు నాయనా" అంది. "నీ కాళ్ల కింద పొడి ఉండాది."

నేను జరిగాను.